గద్దకు బ్రష్షులు

మా జొన్న పరిశోధన కేంద్రంలో ఏ మోటారైనా తిరగాలంటే మూడు కావాలి. కరెంటు, బ్రష్షులు, ఆ బ్రష్షులు ఉన్నాయని సూపరింటెండెంటుగారి సంతకం. వీటిలో కరెంటు లేకపోయినా ఎలాగో సర్దుకుంటారు. మిగతా రెంటి దగ్గర మాత్రం ఎవరి పప్పులూ ఉడకవు.

బ్రష్షులంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. పాతరకం మోటారులో వేలిగోరంత బొగ్గు ముక్కలు రెండు ఉంటాయి. తిరిగే భాగానికి ఒరుసుకుంటూ దానికి కరెంటు అందించడం వాటి పని. ఒరుసుకుని ఒరుసుకుని అరిగిపోతాయి, మనం కొత్తవి వేస్తాం. ఇరవై తొమ్మిదేళ్ల కిందట మా గెస్ట్‌హౌస్ మిక్సీలో ఇవి అరిగిపోయి, తనిఖీకి వచ్చిన పెద్ద అధికారికి పల్లీల చట్నీ సగంలో ఆగిపోయింది. పాపం, ఆయన ఇడ్లీలు చక్కెర అద్దుకుని తిని వెళ్లారు. ఆ వారమే నిబంధన 14(బి) వచ్చింది. బ్రష్షుల పొడవు కొలిచి, నమోదు చేసి, అధికారి ధ్రువీకరించనిదే సంస్థకు చెందిన ఏ మోటారునూ తిప్పరాదు. బోరు మోటార్లూ ఫ్యాన్లూ కరెంటు విభాగం కిందికి వస్తాయి గనుక బతికిపోయాయి. దొరికిపోయినవి రెండే. ఒకటి ఆ మిక్సీ, రెండోది మా గద్ద.

గద్ద అంటే నిజం గద్ద కాదు, రిమోటుతో నడిచే గ్లైడరు. ఆరడుగుల రెక్కలు, ముక్కున చిన్న మోటారు, దానికో మడత పంకా. మోటారుతో పైకెక్కించి ఆపేస్తే గాలిలో తేలుతూ చాలాసేపు చక్కర్లు కొడుతుంది. దానికి గోధుమరంగు పూసి, కళ్లు దిద్ది, పిట్టలు బెదిరేలా జొన్నచేల మీద ఎగరేసేది నేనే. నా పేరు మౌలాలి, ఉద్యోగం టెక్నికల్ అసిస్టెంటు. ఊళ్లో గద్ద మౌలాలి అంటే గానీ ఎవరికీ తెలియదు.

గద్ద రాకముందు ఆ పని సుంకులమ్మ చేసేది. చేను మధ్య మంచె ఎక్కి, వడిసెలలో రాయి పెట్టి, తలచుట్టూ గిర్రున తిప్పి వదిలిందంటే పిట్టలు మూడు చేల అవతలికి లేచిపోయేవి. ఇరవై రెండేళ్లు అదే పని. గద్ద వచ్చిన రోజునే “పక్షులను బెదరగొట్టు మనిషి” అనే పోస్టు రద్దయింది. ఆధునికీకరణ అన్నారు. సుంకులమ్మ వడిసెల నడుముకు చుట్టుకుని ఇంటికి పోయింది. పోతూ నాతో ఒకే మాట అంది.

“నాయనా మౌలాలీ, పిట్టకు కడుపు సిన్నదే గానీ బుద్ధి సిన్నది గాదు. నీ గద్ద ఎగిరినన్నాళ్లే నీ ఆట.”

ఈ ఏడు అసలు కష్టం వచ్చింది గద్దకు కాదు, డాక్టర్ హైమవతిగారికి. ఆమె మా కేంద్రంలో కొత్త వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్త. రెండే రెండు తడులతో పండే జొన్నకోసం తొమ్మిదేళ్లుగా తంటాలు పడుతున్నారు. మంచి కంకిని ఎంచి, దాని గింజలు విత్తి, అందులో మళ్లీ ఎంచి, ఇలా తొమ్మిది పంటలు. పోయిన వానాకాలం విత్తనాల గది కప్పు కారి నిల్వ అంతా బూజు పట్టింది. కప్పు బాగుచేయమని ఆమె రాసిన ఉత్తరం అప్పటికి మూడు బల్లలు దాటి నాలుగో బల్ల మీద విశ్రాంతి తీసుకుంటోంది. మిగిలిన గుప్పెడు గింజలు విత్తితే మూడు వందల కంకులు వచ్చాయి. ఆ జొన్న ఈ భూమ్మీద ఉన్నది ఆ మూడు వందల కంకుల్లోనే.

గింజ పాలు పోసుకుని గట్టిపడే ఆరు వారాలూ గండం. కంకులకు కాగితపు సంచులు ఉంచితే మంచుకు బూజు పడుతుంది, తీస్తే పిట్టలు పడతాయి. ఆమె సంచులు తీసి, నా మీద భారం వేశారు. సరిగ్గా ఆ వారమే గద్ద మోటారు చచ్చింది. బ్రష్షులు అరగడమే కాదు, అవి ఒరుసుకునే రాగి కట్టు కూడా కాలి గుంతలు పడింది. మీట నొక్కితే గర్రుమని, బొగ్గు వాసన కొట్టి, గద్ద తాటిచెట్టు ఎత్తుకు కూడా ఎక్కలేక చేలో కూలబడింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి దాని రెక్క మీద రెండు పిచ్చుకలు కూర్చుని ఒకదాని ముక్కు ఒకటి తుడుచుకుంటున్నాయి.

ఆ రకం మోటార్లు ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు. వాటి స్థానంలో బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాయి. వాటిలో బ్రష్షులే ఉండవు. ఒరుసుకునేది లేదు, అరిగేది లేదు, బరువు సగం, బలం రెట్టింపు. హైమవతిగారు కాళ్లకు బలపం కట్టుకుని తిరిగి, “మోటారు, ఒకటి” అని ఆర్డరు వేయించి నాలుగు రోజుల్లో తెప్పించారు. అప్పటికి కంకులు రెండు వందల డెబ్భై ఆరు.

ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాను. పాత మోటారు తీసేసి, ముక్కులోకి కొత్త చెక్క పలక కోసి బిగించాను. పాతదానికి రెండు తీగలైతే దీనికి మూడు. వేగం అదుపు చేసే పెట్టె, బ్యాటరీ కూడా మార్చాల్సి వచ్చింది. మొదటిసారి మీట నొక్కితే పంకా వెనక్కి తిరిగి బల్లమీది చెక్కపొడి అంతా ముందుకు ఊదింది. మూడు తీగల్లో రెండింటిని అటుది ఇటు, ఇటుది అటు మార్చాను, దారికొచ్చింది. మోటారు తేలికై ముక్కు తేలిపోతోందని అక్కడో సీసం ముక్క అతికించాను.

మర్నాడు తెల్లవారి ఆరున్నరకు వదిలాను. అరుపు లేదు, వాసన లేదు. చెయ్యి విడిచీ విడవకముందే నిట్టనిలువునా లేచిపోయింది. కంకుల మీద వాలిన పిట్టల గుంపు ఒక్కసారిగా లేచి వాగు దాటి పోయింది. గద్ద మోటారు ఆపేసి, ఎండ పొడ తగిలిన రెక్కలతో చేను మీద నెమ్మదిగా తిరిగింది. నాకు ఈల వేయాలనిపించింది, వేశాను.

“మౌలాలీ, ఇంకోసారి పైకెక్కించు. చూడాలి” అన్నారు హైమవతిగారు. ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టే ఉన్నాను.

పది గంటల ముప్పై అయిదు నిమిషాలకు పిలుపొచ్చింది.

మా సూపరింటెండెంటు శేషాచలపతిగారు జేబులో పెన్నుతోపాటు సన్నని కొలతలు తీసే కేలిపరు ఒకటి పెట్టుకుని తిరుగుతారు. పాతికేళ్లుగా రోజూ పొద్దున మిక్సీ బ్రష్షులు, గద్ద వచ్చాక దాని బ్రష్షులు కూడా కొలవందే ఆయనకు కాఫీ దిగదు. ఆ రోజు గద్దను బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, టార్చిలైటు వేసి వెతుకుతున్నారు.

“ఏమయ్యా మౌలాలీ, బ్రష్షులు ఎక్కడ?”

“దీనికి ఉండవు సార్.”

“ఉండవు అంటే? ఊడిపోయాయా?”

“అసలు లేనే లేవు సార్. ఇది అవి లేకుండా తిరిగే మోటారు.”

ఆయన టార్చి ఆర్పి కళ్లజోడు తీశారు. “బ్రష్షులు అరిగిన మోటారును తిప్పడం నేరం. అసలు బ్రష్షులే లేని మోటారును తిప్పడం ఎంత నేరమో నువ్వే ఆలోచించు. పైగా మూడు తీగలు! మన ఫారంలో ఉన్నవి రెండు గడులే. ఈ మూడో తీగ ఎవరి అనుమతితో వచ్చింది?”

హైమవతిగారు నాలుగు వాక్యాల్లో విషయం చెప్పారు. పిట్టల గురించి, కంకుల గురించి, తొమ్మిదేళ్ల గురించి. ఆయన శ్రద్ధగా విని, “మేడమ్, మీ జొన్న మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ సంతకం పెట్టేది జొన్న మీద కాదు గదా, బ్రష్షు మీద” అన్నారు. డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన మరో అయిదు నెలల్లో రిటైరవుతున్నారు. ఏ సంగతి చెప్పినా “చూద్దాం” అంటారు. “చూద్దాం” అన్నారు.

ప్రధాన కార్యాలయానికి లేఖ వెళ్లింది. గద్ద బీరువా ఎక్కింది. జవాబు వచ్చేసరికి కంకులు రెండు వందల నలభై తొమ్మిది. జవాబు ఇది:

“సదరు మోటారునకు బ్రష్షులు లేవను విషయమును ఈ కార్యాలయము తీవ్రముగా పరిగణించినది. బ్రష్షులు లేకుండ మోటారును సరఫరా చేసిన వారి నిర్లక్ష్యముపై వేరుగా విచారణ జరుపబడును. ఈలోగా పంటకు నష్టము వాటిల్లకుండు నిమిత్తము సదరు మోటారునకు స్థానికముగా బ్రష్షులు సమకూర్చుకొని, కొలతలు నమోదు చేసి, యథావిధిగా వినియోగించవలెను.”

“చూశావా, ఎంత సులువుగా తేల్చేశారో!” అన్నారు శేషాచలపతిగారు.

మా స్టోర్సులో మిక్సీ బ్రష్షులు పెట్టెలకొద్దీ మూలుగుతున్నాయి. ఒక జత తెచ్చి, చిన్న రేకు డబ్బాలో పక్కపక్కన అతికించి, దాన్ని గద్ద ముక్కులో పెట్టాను. మోటారుకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. ఒకే ఇంట్లో మాటల్లేని ఇద్దరు తోడికోడళ్లలా ఉన్నాయి. సీసం ముక్క తీసేశాను, ఈ డబ్బాతో ముక్కు బరువు సరిపోయింది. మా సంస్థ చరిత్రలో ఒక నిబంధన ఎవరికైనా పనికొచ్చింది ఆ ఒక్కసారే.

శేషాచలపతిగారు డబ్బా మూత తీసి, కేలిపరు పెట్టి కొలిచారు. “కుడి పన్నెండు. ఎడమ పన్నెండు.” సంతకం పెట్టి ముఖమంతా వెలిగించుకున్నారు. “ఇప్పుడిది మోటారు అనిపించుకుంది.”

సమస్య తీరిందనుకున్నారా? నేనూ అనుకున్నాను. పాత మోటారుకు ముందురోజు కొలతే చెల్లేది. ఒకసారి బ్రష్షుల్లేకుండా పట్టుబడిన దీనికి మాత్రం కొలత ప్రతిరోజూ ఎగరేయడానికి ముందు జరగాలి. కొలిచే అధికారి పదిన్నరకు వస్తారు. పిట్టలు ఆరింటికి వస్తాయి, తొమ్మిదికల్లా కడుపు నింపుకుని వాగు ఒడ్డు చెట్లలోకి పోతాయి. మళ్లీ సాయంత్రం అయిదు దాటాక దిగుతాయి. అయిదుకు గద్దను బీరువాలో పెట్టి తాళం వేయాలి. కాబట్టి మా గద్ద రోజూ పదకొండు నుంచి నాలుగున్నర దాకా, ఒక్క పిట్ట కూడా లేని చేను మీద, మండుటెండలో మహా దర్జాగా ఎగిరేది. కింద తలకు తువ్వాలు చుట్టుకుని నేను. ఎవరిని బెదిరిస్తున్నానో నాకే తెలియదు. ఆ దారిన పోయే గేదెలు కూడా తల తిప్పి చూడడం మానేశాయి.

పొద్దున ఆరింటికే వచ్చి కొలవమని అడిగితే శేషాచలపతిగారు నొచ్చుకున్నారు. “కార్యాలయ వేళలు నా చేతిలో లేవయ్యా. పక్షుల వేళలేమైనా సర్దుబాటవుతాయేమో సాంకేతిక విభాగంవారే పరిశీలించాలి” అన్నారు. నవ్వులాటకు అన్నారనుకున్నాను. సాయంత్రానికి మెమో వచ్చింది. పక్షుల రాకపోకలను కార్యాలయ వేళలతో సమన్వయపరచుటకు గల అవకాశములపై మూడు దినములలో నివేదిక సమర్పించవలెను.

హైమవతిగారు రోజూ పొద్దున చేలోకి పోయి, మిగిలిన కంకులు లెక్కపెట్టి, పట్టిక పుస్తకంలో రాసుకునేవారు. రెండు వందల ముప్పై. రెండు వందల పద్దెనిమిది. తానే పళ్లెం, గరిటె పట్టుకుని చేనుచుట్టూ తిరుగుతూ మోగించారు. పిట్టలు ఒక సాలు వదిలి పక్క సాలుకు జరిగాయంతే. “మౌలాలీ, రెండు వందలకు తగ్గితే విత్తనం చాలదు. వచ్చే ఏడు పరీక్షలకు ఇచ్చేదేమీ ఉండదు. తొమ్మిదేళ్లూ నేను ఏం చేశానంటే పిచ్చుకలు మేపానని చెప్పుకోవాలి” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

పదో రోజున శేషాచలపతిగారు నన్ను పిలిచి తలుపు దగ్గరగా వేశారు. రిజిస్టరు నా ముందుకు తోశారు. కుడి పన్నెండు, ఎడమ పన్నెండు. పది రోజులూ అదే.

“ఏమిటిది మౌలాలీ? రోజుకు అయిదు గంటలు ఎగరేసినట్టు రాశావు. బ్రష్షు వెంట్రుకవాసి కూడా అరగలేదు.”

“అవి మోటారుకు తగలవు సార్. ఎలా అరుగుతాయి?”

“తగలవు అనేది నీ మాట. అరగలేదు అనేది కొలత. అరగలేదంటే మోటారు తిరగలేదు. తిరగలేదంటే నువ్వు ఎగరేయలేదు. ఎగరేయకుండా ఎగరేసినట్టు రాశావంటే దానికి మా భాషలో ఒక పేరుంది.”

“రోజూ మీ కిటికీలోంచి కనబడుతూనే ఉంది గదా సార్ గద్ద!”

“కనబడింది. కిటికీకి సంతకం ఉండదయ్యా.”

ప్రధాన కార్యాలయం నుంచి రెండు రోజుల్లో పరిష్కారం వచ్చింది. ఇలాంటి వాటికి ఆలస్యం చేయరు. గ్లైడరు ఎగురు ప్రతి గంటకును బ్రష్షులు ఒక్కొక్కటి అర మిల్లీమీటరు చొప్పున అరుగవలెను. స్వయముగా అరుగనిచో అరగదీయవలెను. అయితే ఎగరవేయు ఉద్యోగియే అరగదీసినచో పక్షపాతమునకు తావు కలదు కావున, ఆ పనికి ఒక తాత్కాలిక సహాయకుని లేదా సహాయకురాలిని నియమించుకొనవచ్చును. పని విధానమును స్థానికముగా రూపొందించుకొనవలెను.

చివరి వాక్యం చదివినప్పుడు నా బుర్రలో ఏదో టక్కుమంది. పరుగున హైమవతిగారి గదికి పోయాను. ఇద్దరం తలుపు వేసుకుని, వాళ్ల భాషలోనే, పని విధానం రాశాం. బొగ్గు పొడి ఫైళ్లకు అంటకుండు నిమిత్తము అరుగుదల పనిని కార్యాలయమునకు దూరముగా, ఎత్తైన, గాలి ఆడు ప్రదేశమున జరుపవలెను. ఆనాటి అరుగుదల కొలతవేళకు సిద్ధముగా ఉండవలెను గనుక పని ఉదయము ఆరు గంటలకు ప్రారంభించవలెను. మర్నాటి అరుగుదల కొరకు సాయంత్రము అయిదు నుండి చీకటిపడువరకు మరల జరుపవలెను. అరగదీయుటకు గుండ్రని గులకరాళ్లు వాడవలెను. వాడిన రాళ్లను తిరిగి వాడరాదు, దూరముగా విసర్జించవలెను.

శేషాచలపతిగారు దాన్ని రెండుసార్లు చదివి, “నీకు ఇంత పద్ధతి తెలుసని నాకు తెలియదు” అని మెచ్చుకున్నారు. డైరెక్టరుగారు “చూద్దాం” అని సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం సుంకులమ్మ ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది.

“అక్కా, పనుంది. బొగ్గు ముక్కలు అరగదీయాల.”

“ఎందుకు?”

“అరగాల గాబట్టి.”

“వాటి పాటికవి అరగవా?”

“అరగవు.”

“అరగకపోతే మంచిదే గదా నాయనా?”

“మంచిదే. అందుకే అరగదీయమంటాండారు.”

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. “మౌలాలీ, నువ్వు యాళకు అన్నం తింటాండావా?” అంది.

“తింటాండాలే అక్కా. పని ఇంట్లో గాదు. మన చేలో, మంచె మీద కూర్చోని చెయ్యాల. పొద్దున ఆరింటి నుంచి. పక్కన రాళ్లు కుప్ప బోపిస్తా.”

శనక్కాయలు ఒలిచే చెయ్యి ఆగింది. “మంచె మీదనా? రాళ్లా?” అంది. నేను తలూపాను. చాట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేచి, లోపలికి పోయి చిలక్కొయ్యకు తగిలించిన వడిసెల తీసింది. దుమ్ము దులిపి, తాళ్లు లాగి చూసుకుంది.

“ఎన్ని కంకులుండాయి ఇప్పుడు?”

“రెండొందల తొమ్మిది.”

“నీ గద్ద మహిమ” అంది.

మర్నాడు తెల్లవారక ముందే మంచె మీద ఉంది. ఒళ్లో బొగ్గు ముక్కలు, పక్కన రాళ్లు. ఒక రాయి తీసుకుని బొగ్గు మీద ఇటోసారి అటోసారి రుద్దుతుంది. అంతే, ఆ రాయి వాడినదై పోతుంది. దాన్ని వడిసెలలో పెట్టి, గిర్రున తిప్పి, ఎక్కువ పిట్టలున్న దిక్కుకు విసర్జిస్తుంది. “హోయ్!” అనే కేక పని విధానంలో లేదు గానీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మొదటి రాయికే వాగు ఒడ్డు దాకా రెక్కల చప్పుడు. రెండో రోజుకు పిట్టలకు విషయం పాతదేనని గుర్తొచ్చింది. మూడో రోజు నుంచి మా చేను వదిలి ఊరవతలి తుమ్మల్లోకి పోయాయి.

పదిన్నరకు నేను బొగ్గు ముక్కలు తెచ్చి డబ్బాలో పెట్టేవాణ్ణి. “కుడి తొమ్మిదిన్నర. ఎడమ తొమ్మిదిన్నర. ఆహా!” అనేవారు శేషాచలపతిగారు. నాలుగు రోజులకొక కొత్త జత. ఇరవై తొమ్మిదేళ్లుగా కదలని స్టోర్సు మొదటిసారి ఖాళీ అవడం మొదలుపెట్టింది.

ఒకసారి మాత్రం దొరికిపోయామనే అనుకున్నాను. ఒక పొద్దున శేషాచలపతిగారు, మనవరాలిని బస్సెక్కించి అట్నుంచి అటే ఏడింటికల్లా చేలోకి వచ్చేశారు. నేను చూసేసరికి మంచె కింద నిలబడి ఉన్నారు. పైన సుంకులమ్మ చేతిలో వడిసెల తిరుగుతోంది. రాయి ఆయన నెత్తి మీదుగా రయ్యిమని పోయింది.

“ఏమమ్మా! ఏం చేస్తున్నావు?”

సుంకులమ్మ కిందికి చూసి, తొణకకుండా, “వాడిన రాయి సా. దూరంగా పారెయ్యమని మీరే రాసినారంట గదా” అంది.

ఆయన జేబులోంచి మా పని విధానం కాగితం తీసి, చివరి వాక్యం దాకా వేలు పెట్టి చదివారు. రాయి పోయిన దిక్కుకు చూశారు. “దూరం ఎంత ఉంటుంది?”

“నూరు గజాలుంటాది సా. నాకు ఒంట్లో బాగుంటే నూటిరవై.”

“సంతృప్తికరం” అని రిజిస్టరులో రాసుకుని, తల మీద రుమాలు వేసుకుని వెళ్లిపోయారు.

సుంకులమ్మ మంచె ఎక్కిన మూడు వారాలకు గింజ గట్టిపడింది. పిట్ట ముక్కుకు లొంగని గింజ అయ్యాక హైమవతిగారు కోత పెట్టించారు. కంకులు ఒక్కొక్కటే కోసి, సంచిలో వేసి, తానే లెక్కపెట్టారు. రెండు వందల నాలుగు. మళ్లీ లెక్కపెట్టారు. రెండు వందల నాలుగే. సుంకులమ్మ చేతులు రెండూ పట్టుకున్నారు. ఆ చేతులనిండా బొగ్గు. హైమవతిగారివీ నల్లబడ్డాయి, తుడుచుకోలేదు.

“ఆ అయిదు ఎట్ల బోయినాయో నాకెరికే మేడమ్మా. జరమొచ్చి ఒక పూట రాలేదు గదా” అంది సుంకులమ్మ, తప్పు చేసినదానిలా.

కోతకు ముందురోజు ప్రధాన కార్యాలయం నుంచి ముగ్గురు సభ్యుల బృందం వచ్చింది. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి కారు దిగి, గొడుగుల కింద నిలబడి, నేను ఎగరేసిన గద్దను చూశారు. చేను మీద ఒక్క పిట్ట లేదు. “ఒక్క పక్షి కూడా లేదు! అద్భుతం!” అన్నారు అధ్యక్షులు. మంచె వైపు చూపిస్తూ అదేమిటని అడిగారు. “అరుగుదల వేదిక సార్” అన్నారు శేషాచలపతిగారు. అధ్యక్షులు గంభీరంగా తలపంకించి, “శాస్త్రీయంగా ఉంది” అన్నారు.

నివేదిక వచ్చింది. పంటను పూర్తిగా వైమానిక సాధనమే, మానవ ప్రమేయము లేకుండ, కాపాడినదనియు, అందుకు మోటారు బ్రష్షుల క్రమబద్ధమైన అరుగుదలయే కారణమనియు నిర్ధారించడమైనది. సుంకులమ్మ పేరు అందులో ఎక్కడా లేదు. నాకు మండి, ఆమెకు చదివి వినిపించాను. “పోనీలే. గింజ దక్కింది గదా” అంది. నాకు పోనీలే అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

నివేదిక వెనకాలే ఉత్తరువు. రాష్ట్రంలోని పద్నాలుగు కేంద్రాలకూ తలా ఒక గ్లైడరు, తలా ఒక బ్రష్‌లెస్ మోటారు, దానికి తలా ఒక జత బ్రష్షులు. ప్రతి కేంద్రంలో ఒక అరుగుదల వేదిక, ఒక అరుగుదల సహాయకురాలు. ఈ పనిలో రాష్ట్రమంతటికీ అనుభవం ఉన్న మనిషి ఒక్కరే గనుక, మిగతా పదముగ్గురికీ శిక్షణ ఇవ్వడానికి సుంకులమ్మను నియమించారు. కేంద్రానికి పది రోజులు.

శేషాచలపతిగారు స్వయంగా బస్టాండుకు వచ్చి ఆమెకు శిక్షణ ప్రణాళిక ఇచ్చారు. బ్రష్షును పట్టుకొను విధానము, రుద్దు దిశ, కొలత ప్రాముఖ్యము. మొత్తం ముప్పై పేజీలు. సుంకులమ్మ భక్తిగా కళ్లకద్దుకుని సంచిలో పెట్టుకుంది. చదువురాని మనిషి అంతకన్నా ఏం చేస్తుంది? నడుముకు వడిసెల చుట్టి ఉంది. ఆయన వెళ్లాక బస్సెక్కి కూర్చుని, నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

“మౌలాలీ, ఆ ఊర్లల్లో గూడా మంచెలుండాయా?”

“లేకపోతే వేయిస్తారక్కా. ఉత్తరువులో రాసినారు. రాళ్లు గూడా కుప్ప బోసి పెడతారు.”

“అట్లయితే బాగుంది. బొగ్గు రుద్దేది ఒక్క పూటకు చెప్పేస్తా. తక్కిన దినాలంతా ఆ ఆడోళ్లకు వడిసెల తిప్పేది నేర్పిస్తా.”

బస్సు కదిలింది. నేను టైము చూసుకుని ఆఫీసు వైపు నడిచాను. పదిన్నర కావస్తోంది, శేషాచలపతిగారు కేలిపరు తీసి నాకోసం కాచుకుని ఉంటారు. చేను కోసి ఇరవై రోజులైంది. అయినా గద్ద ఎగరాలి గదా.